పాత కారు ఐడ్లింగ్ తేడాను పట్టిచ్చిన బ్లూటూత్ స్కానర్

పద్దెనిమిదేళ్లు దాటిన మా పెట్రోలు కారు, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా కారు నిలిపి ఉంచినప్పుడు, 1500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర రొద పెడుతూ, ఒక్కోసారి 1000కి దిగి మళ్లీ పైకి లేస్తూ నెల రోజులు ఇబ్బంది పెట్టింది. వేడెక్కిన ఇంజిన్‌కు సాధారణంగా 650 నుంచి 850 చాలు. ఐడ్లింగ్‌లో ఇంజిన్‌కు అందే గాలిని నియంత్రించే ఐడిల్ కంట్రోల్ వాల్వ్ మార్చాలని మెకానిక్ చెప్పారు కానీ, ఖర్చు పెట్టే ముందు అసలు లోపమేమిటో తెలుసుకోవాలని కారు కంప్యూటర్ నమోదు చేసే లోపాలనూ అంకెలనూ చదివే ఈఎల్‌ఎం 327 రకం ఓబీడీ-2 బ్లూటూత్ స్కానర్ కొన్నాను.

స్టీరింగ్ కింది సాకెట్‌లో అమర్చి ఫోన్‌లోని యాప్‌తో జతచేస్తే పీ 0507 అనే కోడ్ చూపింది. ఐడ్లింగ్ ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉందని మాత్రమే దాని అర్థం కనుక, అది చూసి ఏ భాగమూ మార్చకూడదు.

ఈ పరికరం విలువంతా లైవ్ డేటాలో, అంటే ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్లు చెప్పే అంకెల్లో ఉంది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలంట్ ఉష్ణోగ్రత 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండటంతో, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ తప్పుగా చెప్పి, దానివల్ల కంప్యూటర్ వేగం పెంచుతోందేమోనన్న అనుమానం తీరింది. తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత పెట్రోలు కలుపుతోందో చెప్పే ఆ అంకె, ఐడ్లింగ్‌లో 22 శాతం అదనం చూపి, 2500 ఆర్‌పీఎంకు పెంచగానే 5 శాతానికి పడిపోయింది. సెన్సర్ కొలవని గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తోందనడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు. వేగం పెరిగి ఇంజిన్ పీల్చే మొత్తం గాలి ఎక్కువయ్యేకొద్దీ ఆ దొంగగాలి వాటా తగ్గిపోతుంది. అయితే ఇది గాలి ప్రవాహాన్ని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కార్ల సంగతి. మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) లోపలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ కార్లలో లీక్ ఉన్నా ట్రిమ్ పెద్దగా మారకపోవచ్చు.

లీక్ ఎక్కడుందో మాత్రం స్కానర్ చెప్పదు. పైపులన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూడగా, ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను మళ్లీ గాలి మార్గంలోకి పంపే పీసీవీ పైపు మోచేయిలా వంగినచోట, పైకి కనబడని అడుగుభాగాన రబ్బరు నూనెకు నాని మెత్తబడి, గోరు దూరేంత చీలిక ఇచ్చింది. దాన్ని వేలితో మూయగానే ఇంజిన్ రొద తగ్గింది. పైపు మార్చాక ఐడ్లింగ్ 750 దగ్గర నిలిచింది, ట్రిమ్ 3 శాతానికి దిగింది. వాల్వ్ జోలికి వెళ్లనేలేదు. లీక్ వెతకడానికి వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టే పద్ధతి ఒకటి ఉంది కానీ, నిప్పంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి నేను సిఫారసు చేయను. చేతికి అందని లీక్‌కు వర్క్‌షాప్‌లో పొగ పరీక్ష (గాలి మార్గంలోకి పొగ పంపి, అది ఎక్కడ బయటికి వస్తుందో చూడటం) చేయించడమే మేలు.

లోపాలూ ఉన్నాయి. ఒకేసారి ఎక్కువ అంశాలు ఎంచుకుంటే అంకెలు నెమ్మదిగా మారి ఆర్‌పీఎం ఊగిసలాట కనబడదు; మూడు నాలుగు చాలు. సాకెట్‌కు ఎప్పుడూ కరెంటు అందుతుంది కనుక, పని కాగానే తీసేయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అమెరికాలో 1996 నుంచి, యూరప్ పెట్రోలు కార్లలో 2001 నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అంతకన్నా పాత కారైతే స్కానర్ కొనే ముందు సాకెట్ ఉందో లేదో చూసుకోవాలి.