వెనక సీటు కోసం కొన్న హెల్మెట్: ఏడాది వాడాక

2024 సెప్టెంబరు 1 నుంచి విశాఖలో బండి వెనక కూర్చునేవాళ్లకి కూడా హెల్మెట్ తప్పనిసరి అన్నారు. లేకపోతే 1,035 రూపాయల చలానా, పైగా మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. ఆ మాట విన్న రోజు నాకు ఒళ్లు మండింది. మధురవాడ నుంచి మద్దిలపాలెం దాకా రోజూ మా ఆయన బండి మీదే ఆఫీసుకి వెళ్తాను. పదకొండేళ్లుగా అంతే. నా తల నా ఇష్టం, మధ్యలో వీళ్లకెందుకు అని ఇంట్లో గట్టిగానే అన్నాను.

ఆ కోపంలో మొదట తప్పుడు పని చేశాను. రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి అమ్మేచోట 300 ఇచ్చి ఒకటి కొన్నాను. పోలీసులకి కనబడితే చాలనుకున్నాను. వెనక ఐఎస్ఐ స్టిక్కరు కూడా ఉంది. నెల తిరక్కుండానే అది బండి మీంచి జారి పార్కింగ్‌లో గచ్చు మీద పడింది. పక్కన జానెడు పగులు. లోపలి బట్ట లాగి చూస్తే చిటికెన వేలంత స్పాంజి, దాని వెనక నేరుగా ప్లాస్టిక్. దెబ్బ తగిలితే తను నలిగి తలని కాపాడాల్సిన థర్మోకోల్ పొర అందులో లేనే లేదు. నడుమెత్తు నుంచి పడితే పగిలేదాన్ని పెట్టుకుని నెల రోజులు ఎండాడ దగ్గర లారీల పక్కనే వెళ్లాను. అది తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

రెండోసారి జగదాంబ దగ్గర హెల్మెట్లు మాత్రమే అమ్మే ఒక షాపుకి వెళ్లాం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మొదట అడిగిన మాట, "సైజెంత అక్కా?" నాకు తెలీదు. టేపు తీసి కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా తల చుట్టూ కొలిచాడు. 56 సెంటీమీటర్లు.

పదకొండేళ్లు బండెక్కి తిరిగిన మనిషి తలని ఎవరూ కొలవలేదంటే నాకు మనసులో ఏదోలా అయింది. బండి కొన్న రోజు షోరూములో నేనూ ఉన్నాను. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని రూలుంది కాబట్టి ఇచ్చారు. ఒకటే ఇచ్చారు. మా ఆయన్ని కూర్చోబెట్టి సైజు చూసి మరీ ఇచ్చారు. పక్కనే నిలబడి ఉన్నా నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ బండి నడిపేవాళ్లతో పాటు వెనక కూర్చునేవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాలనే చెబుతోంది. ఊళ్లో పట్టించుకోలేదు, ఇంట్లో పట్టించుకోలేదు. అలాంటప్పుడు చట్టం నా స్వేచ్ఛని లాక్కుందని నేనెలా అనగలను? హెల్మెట్ వద్దని నేను ఏనాడూ తేల్చి చెప్పలేదు, ఎందుకంటే కావాలా అని నన్ను ఎవరూ అడగలేదు. 2022లో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ దేశం మొత్తమ్మీద 50,029 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది నడిపినవాళ్లు కాదు, నాలా ఎక్కి కూర్చున్నవాళ్లు.

సరే, హెల్మెట్ సంగతి. ఫుల్ ఫేస్, అంటే గడ్డం దాకా ముఖమంతా కప్పేది, 1,650 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, నా తలకి సరిపోయింది మీ తలకి సరిపోవాలని లేదు. పెట్టుకున్నాక ఆ కుర్రాడు, "తల గట్టిగా అటూ ఇటూ ఊపండి అక్కా" అన్నాడు. హెల్మెట్ విడిగా తిరక్కూడదు, నుదుటి చర్మం దాంతో పాటు కదలాలి, బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి. మొదట బిగుతుగా అనిపించి పెద్ద సైజు అడిగితే వద్దన్నాడు. వారంలో మెత్తలు సర్దుకున్నాయి. అతను చెప్పిందే కరెక్టు. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని (అది హెల్మెట్ల ప్రమాణం నంబరు), కింద లైసెన్సు నంబరు ఉన్నాయి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే తయారీదారు వివరాలు వచ్చాయి. ఈసారి అక్కడే నిలబడి చూసుకున్నాకే డబ్బులిచ్చాను.

బరువు కిరాణా కొట్టు కాటా మీద పెట్టిస్తే కేజీ 280 గ్రాములు. మొదటి పది రోజులు మెడ నొప్పి. తర్వాత తగ్గింది. కొప్పు పెడితే తల దూరదు, కాబట్టి జడ వేసుకుని మెడ కిందికి దించుకోవాలి. బుట్టకమ్మలు లోపలి మెత్తకి పట్టేసుకుని ఒకసారి చెవి నుంచి రక్తం వచ్చింది. ఇప్పుడు అవి పర్సులో వేసుకుని ఆఫీసులో పెట్టుకుంటాను. పూలు కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఉక్కపోతకి లోపల చెమట కారిపోతుంది. పల్చటి కాటన్ గుడ్డ కట్టుకుంటే కొంత నయం. లోపలి బట్ట ఊడదీసి ఉతుక్కోవచ్చు, అది నాకు బాగా నచ్చింది. ఇవన్నీ చిన్న ఇబ్బందులని తీసిపారేసేవాళ్లు ఒక్క వేసవి ఆడవాళ్ల జుట్టుతో హెల్మెట్ పెట్టుకుని చూడాలి. మన జడలని చూసి తయారు చేసిన హెల్మెట్ ఒక్కటి కూడా ఆ షాపులో లేదు.

బకిల్ 'క్లిక్' మని పడుతుంది. అది పెట్టకపోతే చట్టం దృష్టిలో హెల్మెట్ లేనట్టే, పడ్డప్పుడూ లేనట్టే. మొన్న జూలైలో హనుమంతవాక దగ్గర కుక్క అడ్డొస్తే మా ఆయన ఒక్కసారిగా బ్రేకేశారు. నా తల ముందుకెళ్లి ఆయన హెల్మెట్‌కి ఠపీమని కొట్టుకుంది. ఎవరం పడలేదు. ఇంటికొచ్చి చూస్తే గడ్డం దగ్గర రంగు గీసుకుపోయింది, సరిగ్గా నా పళ్లు ఉండే చోట. చిన్న దెబ్బే కాబట్టి మార్చక్కర్లేదన్నారు. గట్టిగా తగిలితే మాత్రం పైకి బాగున్నట్టు కనబడినా కొత్తది కొనాలి, లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ లేవదు.

మా తమ్ముడు అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాడు. అక్కడ పెద్దవాళ్లకి కారులో సీటు బెల్టు తప్పనిసరి కాదు, బైకు మీద హెల్మెటూ తప్పనిసరి కాదు. నంబరు ప్లేట్ల మీద 'స్వేచ్ఛగా బతుకు, లేదా చచ్చిపో' అని రాసి ఉంటుందట, ఫోటో పంపాడు. "నీకు నచ్చే ఊరే అక్కా" అన్నాడు. ఏడాది కిందట అయితే నచ్చేదేమో. వాడు మాత్రం బెల్టు పెట్టుకోకుండా కారు తీయడు.

అయినా ఈ చట్టంలో ఒక విషయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను హెల్మెట్ పెట్టుకోకపోతే చలానా నడిపే మనిషికి, లైసెన్సు పోయేదీ ఆయనదే. నా తలకి నేను బాధ్యురాలిని. ఫైన్ నాకు వేయండి, నేను కడతాను. నడిపేవాడు వెనక ఉన్నవాళ్లని అదుపులో పెట్టుకోవాలన్నట్టుంది ఈ పద్ధతి. బండితో రెండు హెల్మెట్లు ఇవ్వాలని 2025 జూన్‌లో కేంద్రం డ్రాఫ్ట్ రూలు తెచ్చింది. అది నాకు చలానా కంటే వంద రెట్లు నచ్చింది. అది అమలైతే షోరూములో రెండో మనిషి తల కూడా కొలుస్తారేమో.

నాలుగేళ్లు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలి. మా బాబుకి ఏడేళ్లు, వాళ్ల నాన్న వెనక బడికి వెళ్తాడు. వాడి సైజు ఈ షాపులో లేదు. బొమ్మలు వేసిన టోపీల్లాంటివి చూపిస్తే వద్దన్నాను. ఆర్డర్ పెట్టించి తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేనే వాణ్ణి ఆటోలో దింపాను. ఈ విషయంలో షాపుకి మార్కులు తగ్గిస్తున్నాను. పెద్దవాళ్ల హెల్మెట్‌కి మాత్రం ఐదుకి నాలుగు.

నా హెల్మెట్ వైజర్ (ముఖం ముందుండే అద్దం) మీద గీతలు పడ్డాయి. రాత్రిపూట ఎదురు లైట్లు పడితే చారలు చారలుగా కనబడుతోంది. విడిగా 250కి దొరుకుతుందన్నారు, ఈ ఆదివారం వెళ్లి మార్పిస్తాను.