మూడేళ్ల పల్లె ఫైబర్: స్పీడుకు ఫుల్ మార్కులు, ఖర్చుకు కాదు

ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్, అంటే సన్నటి గాజు పోగులో వెలుతురుగా వచ్చే నెట్, పెట్టించి మూడేళ్లు దాటింది. అంతకుముందు రెండేళ్లు సిమ్ వేసుకునే రౌటర్‌తో నెట్టుకొచ్చాను. కిటికీ ఊచల దగ్గర నుంచి జానెడు పక్కకు జరిపితే సిగ్నల్ పోయేది. సాయంత్రం ఏడైతే ఊరంతా అదే టవర్ మీద పడేది, ఇక వీడియో కాల్ సంగతి మర్చిపోవడమే.

ఫైబర్‌తో ఆ బాధ తీరింది. రాగి తీగ మీద వచ్చే డీఎస్ఎల్ దూరం పెరిగేకొద్దీ నీరసపడుతుంది. ఇది అలా కాదు. జీపాన్ (ఒకే పోగును చాలా ఇళ్లకు పంచే) పద్ధతిలో 20 కిలోమీటర్ల దాకా లాగొచ్చు. ఒక పోగును 32 ఇళ్లకు పంచినా అందులో సెకనుకు 2.5 గిగాబిట్ల దాకా దారి ఉంటుంది, అందుకే రద్దీ వేళ కూడా తడబడలేదు.

మరి చవకా అంటే, నెల బిల్లు వరకు చవకే. అసలు దెబ్బ మొదటిరోజే తగిలింది. చివరి స్తంభం నుంచి మా ఇంటిదాకా 400 మీటర్ల వైరు ఖర్చు నాదేనన్నారు. అది దాదాపు ఏడాదిన్నర బిల్లు! వాళ్లను తిట్టడానికీ లేదు. పట్నంలో అంత దూరంలో వంద ఇళ్లుంటాయి, ఇక్కడ ఉన్నవి రెండు. ఆ రెండో ఇంటివాళ్లు ఖర్చు విని వెనక్కి తగ్గారు, పిల్లల చదువు ఇప్పటికీ ఫోన్ డేటా మీదే.

రిపేరు ఇంకో కథ. నిరుడు గాలివానకు కొమ్మ విరిగి వైరు మీద పడింది. ఇంట్లోని ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ లైటు, అంటే సిగ్నల్ పోయిందని చెప్పేది, ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది. చాలా ఊళ్లకు ఒక్కడే టెక్నీషియన్, ఐదో రోజు వచ్చాడు. వెంట్రుకంత పోగు పైతొడుగు ఒలిచి, కొస కత్తిరించి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి అతికించాడు. పావుగంటలో ఆ ఎర్ర లైటు ఆరిపోయింది. ఆ ఐదు రోజులకు బిల్లులో పైసా తగ్గలేదు.

కరెంటు పోతే ఇంట్లో రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకున్నాను. మధ్యలో పోగును ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, నిజమే. కానీ ఆపరేటర్ గదిలో అందరి లైన్లనూ నడిపే పెద్ద డబ్బా, ఓఎల్‌టీకి కావాలి కదా! అక్కడి బ్యాటరీ రెండు గంటలకే చేతులెత్తేస్తుంది.

శాటిలైట్ ఇంటర్నెట్ కూడా ఆలోచించాను. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేవాటితో మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. 550 కిలోమీటర్ల దగ్గర తిరిగేవి చాలా నయం, కానీ ఆ డిష్ ధర చూసి పేజీ మూసేశాను.

ఐదుకు మూడున్నర ఇస్తాను. పాత సిమ్ రౌటర్ మాత్రం బీరువా మీదే ఉంది, దానికీ నెలనెలా రీఛార్జ్ చేస్తూనే ఉన్నాను.