స్కీ కేంద్రానికి వెళ్లేముందు అడగవలసినది లిఫ్ట్ సంగతి

స్కీ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు మంచు ఎంత కురిసింది, గదిలోంచి కొండ కనిపిస్తుందా అని చాలామంది ఆరా తీస్తారు; నన్నడిగితే మొట్టమొదట తెలుసుకోవలసినది అక్కడి చైర్‌లిఫ్ట్, అంటే తాడుకు వేలాడే కుర్చీల్లో మనుషులను కొండపైకి చేర్చే ఏర్పాటు, ఎలాంటిదన్నదే. మేము ముందు వెళ్లిన కేంద్రంలో బసకు, భోజనానికి వంక పెట్టడానికి లేదు. ప్రచార పత్రంలో ఆధునికమైనదని గొప్పగా రాసుకున్న లిఫ్ట్ మాత్రం, కుర్చీలను ఉక్కు తాడుకు కదలకుండా బిగించిన ఫిక్స్‌డ్ గ్రిప్ రకానిది.

ఈ రకంలో తాడు ఎంత వేగంగా నడిస్తే కుర్చీ అంతే వేగంతో వచ్చి వెనకనుంచి తగులుతుంది. సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు వేగం వినడానికి తక్కువే గానీ, స్కీలు తొడుక్కుని నిలబడ్డవారికి తక్కువ కాదు. మా అక్క మెడ తిప్పి చూసేలోపే సీటు అంచు ఆమె పిక్కలకు బలంగా తగిలింది. కుర్చీని చేత్తో ఒక్క క్షణం పట్టి ఊపు తగ్గించవలసిన ఉద్యోగి పక్కనే ఉండి కూడా కదలలేదు. వేగం తగ్గించమని అడిగితే విననట్టే ఊరుకున్నాడు. కుర్చీలన్నీ ఒకే తాడుకు బిగించి ఉంటాయి కనుక, కింద ఎవరు పడినా లిఫ్ట్ మొత్తం ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా మేము గాలిలో వేలాడాము. పాదాలు ఆనించుకునే కడ్డీ కూడా లేకపోవడంతో బూట్ల బరువు, స్కీల బరువు మోకాళ్లను కిందికి లాగేశాయి. ఆ సాయంత్రం అక్క ఎవరితోనూ మాట్లాడలేదు.

1936లో అమెరికాలోని సన్ వ్యాలీ స్కీ కేంద్రం కోసం, అరటి గెలలను ఓడల్లోకి ఎక్కించే యంత్రాన్ని చూసి తొలి చైర్‌లిఫ్ట్‌ను రూపొందించిన రైల్వే ఇంజనీరు జేమ్స్ కరన్ బృందం, ట్రక్కుకు కుర్చీ తగిలించి మరీ మనుషులు ఏ వేగంలో సుఖంగా కూర్చోగలరో పరీక్షించింది. ఆ మాత్రం శ్రద్ధ ఇక్కడ కనిపించకపోవడమే నా కోపానికి కారణం.

రెండో కేంద్రంలోని లిఫ్ట్ డిటాచబుల్, అంటే కుర్చీ తాడును వదిలి మళ్లీ పట్టుకునే రకానిది. స్టేషన్‌లోకి రాగానే కుర్చీ మీది మీట ఒక పట్టాకు ఒరుసుకుని నొక్కుకుంటుంది, తాడును పట్టుకున్న దవడ తెరుచుకుంటుంది, వరుసగా తిరిగే రబ్బరు టైర్లు కుర్చీని నడక వేగానికి తెస్తాయి. మనం కూర్చున్నాక మరో టైర్ల వరుస దాన్ని తాడు వేగానికి, అంటే సెకనుకు దాదాపు 5 మీటర్లకు, తీసుకువెళ్లి మళ్లీ తగిలిస్తుంది. కిలోమీటరు దూరానికి పాత లిఫ్ట్ ఏడు నిమిషాలు తీసుకుంటే ఇది మూడున్నర లోపే చేర్చింది. అక్క తనంతట తానే ఇంకోసారి ఎక్కుదామన్నది.

అయితే వేగం రెట్టింపైతే క్యూ సగమవుతుందని ఆశించకండి. నలుగురు కూర్చునే కుర్చీ ఆరు సెకన్లకొకటి వస్తే, తాడు వేగం ఎంతైనా గంటకు ఎక్కేది 2,400 మందే. వేగం పెరిగినకొద్దీ కుర్చీల మధ్య దూరం పెరుగుతుంది, అంతే. మనకు కలిసొచ్చేది తగ్గిన ప్రయాణ సమయం, ఎక్కేటప్పటి నెమ్మది.

గది తీసుకునేముందే లిఫ్ట్ ఏ రకం, రక్షణ కడ్డీ, పాదాలకు ఆధారం ఉన్నాయా, గాలి వీచి లిఫ్ట్ ఆపేస్తే టికెట్ డబ్బు తిరిగిస్తారా అని అడగండి. ఫిక్స్‌డ్ గ్రిప్ లిఫ్టే అయితే, ఎక్కేచోట కాళ్ల కింద కదిలే కన్వేయర్ బెల్టు ఉందేమో కనుక్కోండి. బెల్టు మనల్నీ ముందుకు నడిపిస్తుంది కనుక కుర్చీ తాకిడి బాగా తగ్గుతుంది. రెండో కేంద్రానికీ ఒక లోపముంది: పైన దిగే వాలు చివర చోటు చాలక, దిగినవారు ఆగి స్కీ కర్రలు సర్దుకుంటుంటే వెనకవారు వచ్చి వారికి తగులుతున్నారు. అక్కడ దిగగానే ఆగకుండా పక్కకు జరిగిపోవాలి.