21 నిండకముందే: హెచ్-4 నుంచి ఎఫ్-1కి ఆన్‌లైన్ ఐ-539 ఎలా పనిచేస్తుంది

మూడేళ్లకో నాలుగేళ్లకో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని అమెరికా వచ్చిన పిల్లలకు 21 నిండిన రోజే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హోదా) అయిపోతుంది. చట్టబద్ధంగా వచ్చి, హోదా ఉన్నవాళ్లే కాబట్టి చిన్నప్పుడే వచ్చి హోదా లేకుండా ఉన్నవాళ్లను దేశం నుంచి పంపేయకుండా కాపాడే 2012 నాటి డాకా వీళ్లకు అందలేదు. గ్రీన్‌కార్డు లైనేమో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న కోటా దగ్గరే ఆగిపోయింది. చదువుకునే పిల్లలకు చాలావరకు మిగిలేది విద్యార్థి హోదా ఎఫ్-1. దానికోసం అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ నడిపే ఆన్‌లైన్ ఐ-539 (హోదా మార్పు దరఖాస్తు) సేవకు మేమిచ్చేది ఐదుకు మూడున్నర.

రుసుము 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీదైతే 470. అసలు లాభం డబ్బులో లేదు, తేదీలో ఉంది. పుట్టినరోజు దగ్గరపడినప్పుడు కవరు ఎప్పుడు చేరుతుందో అన్న దిగులుండదు. సగం నింపిన ఫారాన్ని మాత్రం 30 రోజులు ముట్టుకోకపోతే చెరిపేస్తారు. ఒక్కో ఫైలు 12 ఎంబీ దాటకూడదు.

ఫారం తెరవకముందే కాలేజీ ఇచ్చే అర్హత పత్రం ఐ-20 చేతిలో ఉండాలి. అది ఛేంజ్ ఆఫ్ స్టేటస్ కోసమని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు ముందే చెప్పండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉందో ఐ-20లోనూ అదే గడిలో ఉండాలి. మన పేర్లలో ఎక్కువగా తారుమారయ్యేది ఇదే. తర్వాత 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ వ్యవస్థ) రుసుము కట్టి రసీదు దాచుకోండి. వీటితోపాటు ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), హెచ్-1బీ ఉన్న తల్లి లేదా తండ్రి ఐ-797 (ఆమోద నోటీసు), ఇటీవలి జీతం స్లిప్పులు, మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాలి. ఖాతా నాన్న పేరున ఉంటే, ఖర్చు తానే భరిస్తానని ఆయన సంతకం చేసిన ఉత్తరం కూడా జతచేయండి. చాలామంది దీన్నే మరచిపోతారు.

ఇమిగ్రెంట్ పిటిషన్ గురించిన ప్రశ్న దగ్గర తొందరపడి 'కాదు' అని టిక్ పెట్టకండి. తల్లి లేదా తండ్రి గ్రీన్‌కార్డు కోసం వేసే ఇమిగ్రెంట్ పిటిషన్ ఐ-140లో పిల్లల పేర్లూ రాసి ఉంటాయి, ఎఫ్-1కేమో తిరిగి వెళ్లే ఉద్దేశం చూపాలి. ఈ ఒక్క జవాబైనా లాయరుకు చూపించాల్సిందే. ఐ-94లో 21 దాటిన తేదీ ఉన్నా ధైర్యపడొద్దు, పుట్టినరోజే గడువు.

పంపాక ఈ సేవ బలహీనత బయటపడుతుంది. నెలల తరబడి 'అందింది' అన్న మాట తప్ప ఏమీ కనిపించదు. త్వరగా తేల్చడానికి అదనంగా కట్టే ప్రీమియం కట్టినా 30 పనిదినాల లెక్క వేలిముద్రలు అందాకే మొదలవుతుంది. ఈలోగా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే, అమ్మమ్మకు ఒంట్లో బాగాలేకపోయినా సరే. ఈ నిబంధన పిల్లల మీద ఎంత బరువో తెలిసే చెబుతున్నాం. తరగతులు మొదలయ్యే తేదీకి ఆమోదం రాకపోతే కాలేజీవాళ్లతో ఐ-20లో మొదలయ్యే తేదీని తర్వాతి తేదీకి మార్పించాలి. ఆమోదం రాకుండా క్యాంపస్ ఉద్యోగంలో చేరకూడదు.

ఎఫ్-1 వేస్తూనే సీఎస్‌పీఏ (గ్రీన్‌కార్డుకు పిల్లల వయసులోంచి పిటిషన్ పెండింగులో ఉన్న రోజులు తీసేసే చట్టం) లెక్క కూడా చూడండి. వీసా నంబరు అందిన రోజుకి వయసు 21 ఏళ్ల 150 రోజులు, ఐ-140 పెండింగులో ఉన్నది 200 రోజులు అనుకుంటే, తీసేశాక 21 లోపే. ప్రీమియంలో 15 పనిదినాల్లో ఆమోదమైన ఐ-140కి తీసేయడానికి పెద్దగా రోజులు ఉండవు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు, గ్రీన్‌కార్డు లైను ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఫైనల్ యాక్షన్ పట్టికే లెక్క. పాత సలహాలు చదివి రెండో పట్టిక (డేట్స్ ఫర్ ఫైలింగ్) చూసుకోవద్దు.