రేసు కారు సస్పెన్షన్: రూల్స్ బిగిస్తే మేలా, వదిలేస్తే మేలా?

యూరప్‌లో జరిగే ఫార్ములా వన్ (ఎఫ్1) కారు రేసులు మనకు ఎక్కువగా ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మొదలవుతాయి. చక్రాలకీ కారుకీ మధ్య ఉండి కుదుపులు ఆపే సస్పెన్షన్‌కి రూల్స్ ఎంత ఉండాలని విజయనగరంలో మా బ్యాచ్ వాదన కూడా అప్పుడే మొదలు.

వదిలేస్తే ఏమవుతుందో 1992లో చూశాం. విలియమ్స్ జట్టు కారు ఎఫ్‌డబ్ల్యూ14బీలో కంప్యూటర్, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్స్ కలిసి కారు ఎత్తును క్షణక్షణం సరిచేసేవి. ఎత్తు మారకపోతే డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారుని నేలకు నొక్కే బలం, చెదరదు. ఆ జట్టు డ్రైవర్ మాన్సెల్ 16 రేసుల్లో 9 గెలిచేశాడు. ఇంజినీరింగ్ అద్భుతమే, పోటీ మాత్రం చప్పగా సాగింది. 1994కల్లా ఆ కంప్యూటర్ సస్పెన్షన్‌ని నిషేధించారు.

ఇక బిగింపు. 2022లో ఇనర్టర్లు (చక్రాల ఊగుడు అణచడానికి సస్పెన్షన్‌లో పెట్టే చిన్న పరికరాలు) తీసేశారు, హైడ్రాలిక్ హంగులూ తగ్గించారు. ఖర్చు తగ్గాలన్నది ఉద్దేశం, మంచిదే. కానీ అదే ఏడాది కారు అడుగున గాలి సొరంగాలు తెచ్చారు. వేగం పెరిగేకొద్దీ కారు నేలకు అంటుకుపోతుంది, గాలి తెగగానే పైకి లేస్తుంది, మళ్లీ అంటుకుంటుంది. నేలబారు ఎత్తు కోసం సస్పెన్షన్ గట్టిగా పెట్టడంతో, గోతుల్లో ఖాళీ లారీ ఎగిరినట్టే కార్లు ఎగిరాయి. బాకూ రేసులో డ్రైవర్ హామిల్టన్ నడుం పట్టుకుని కారు దిగాడు. చివరికి బెల్జియం రేసు నుంచి ఆ ఊగుడికి కూడా లిమిట్ పెట్టాల్సి వచ్చింది.

పోనీ, పోటీ సమానమైందా? 2023లో 22 రేసుల్లో 21 రెడ్‌బుల్ జట్టే గెలిచింది. బ్రేక్ వేస్తే ముక్కు కిందికి వంగకుండా చక్రాన్ని కారుకి కలిపే సస్పెన్షన్ చేతులను ఏ కోణంలో బిగించాలో వాళ్లు బాగా పట్టుకున్నారు. ఆ కోణాన్ని ఏ రూలూ ఆపలేదు. రెడ్‌బుల్ గెలుపుకి అదొక్కటే కారణం కాదనుకోండి.

అందరికీ ఒకేలాంటి కారు ఇచ్చే ఎఫ్2 (ఎఫ్1కి కింది మెట్టు పోటీ) పద్ధతి మరొకటి. డ్రైవర్ సత్తా తేలడానికి, కుర్రాళ్ల ఖర్చు తగ్గడానికి అది చాలు. కాకపోతే డిజైన్ చేసేవాళ్లకి అక్కడ పనేం ఉండదు.

నాకు నచ్చేది ఫార్ములా భారత్ తరహా, అంటే కాలేజీ విద్యార్థులు సొంతంగా కారు కట్టి తలపడే పోటీ. మన రాజాం, చింతలవలస కాలేజీల్లో మెకానికల్ చదివే కుర్రాళ్లు దానికి కారు కట్టాలంటే, చక్రం కనీసం 50 మిల్లీమీటర్లు కదలాలి. స్ప్రింగులు ఎలా అమర్చుకుంటారో వాళ్లిష్టం. ఎఫ్1లోనూ కంప్యూటర్‌తో నడిచేవి ఆపేసి, మిగతాది వదిలేయాలి. ఇనర్టర్ అంటే అంతా కలిపి చూస్తే లోపల తిరిగే ఓ చిన్న చక్రమే కదా, కేంబ్రిడ్జి ప్రొఫెసర్ మాల్కమ్ స్మిత్ బుర్రలోంచి వచ్చింది, 2005లోనే మెక్‌లారెన్ జట్టు వాడింది. దాన్ని తీసేయడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.