చెరువుల మ్యాపు వేసుకోవాలంటే గూగుల్ మేలా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మేలా?

ఊరి చెరువులు, కాలువలు చూపే మ్యాపు వేయించుకోవాలి, దేని మీద వేస్తే రేపు ఇబ్బంది రాదని బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచీ కందుకూరు వైపు నుంచీ తరచూ అడుగుతున్నారు. కనిగిరి రిజర్వాయరు కింది ఊళ్ల కోసం ఈమధ్య నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

దారి కనుక్కోవడానికైతే గూగుల్ మ్యాప్స్‌కు తిరుగులేదు. షరతులకు లోబడి, వాళ్ల పేరు చెరపకుండా అచ్చులో వాడుకోవడానికి కూడా కొంతవరకు వీలుంది. కానీ దాని మీద చెరువు గట్టు వెంబడి గీత గీసుకుని ఇంకో మ్యాపు తయారుచేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. శాటిలైట్ ఫోటో మీద గీసినా అంతే. ఉచితంగా చూడనిస్తున్నారు కాబట్టి తీసుకోనిస్తారు కూడా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒకటే. మనవాళ్లు ఎండలో తిరిగి రాసుకొచ్చిన వివరం రేపు మళ్లీ మన చేతికి వస్తుందా? ఏ తూము ఎక్కడుందో, కలుజు మీదుగా పొర్లిన నీళ్లు ఏ వాగులో కలుస్తాయో, ఏ పిల్లకాలువ పూడిపోయిందో కాలువల్లో నీళ్లు వదిలే ముసలి లస్కరుకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. అవన్నీ గూగుల్‌లో ఎక్కిస్తే, ఎక్కించిన ముక్క మీదే అయినా అది కలిసిన మొత్తం మ్యాపును దించుకుని వాడుకునే హక్కు మీకు రాదు.

2004లో మొదలై, ఎవరైనా వివరాలు ఎక్కించగలిగే ఉమ్మడి మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ చిక్కు లేదు. మొత్తం డేటాను ఎవరైనా దించుకోవచ్చు, అమ్మకానికి పెట్టే మ్యాపుల్లోనూ వాడుకోవచ్చు. 2012 సెప్టెంబరు నుంచి ఇది ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్ లైసెన్సు) కింద ఉంది. షరతులు ముఖ్యంగా రెండు. మొదటిది, మ్యాపు అంచున 'ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు' అని కనపడేలా వేయాలి. పంచాయతీ గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టినా ఇది తప్పదు.

రెండో షరతు దగ్గరే అందరికీ టెన్షన్. వాళ్ల డేటాకు మీ సర్వే కలిపి ఒకే డేటాబేసుగా చేసి బయటపెడితే, దాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. అచ్చేసిన మ్యాపు బొమ్మకు ఆ నిబంధన అంటదు కానీ, ఆ బొమ్మను బయటపెడితే దాని వెనకున్న కలిపిన డేటాబేసుకు అంటుంది. బయటికివ్వకుండా సంఘం లోపల వాడుకుంటే కూడా అంటదు. అందుకే తూములు, కాలువలు నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే ఎక్కించి, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికెన్ని ఎకరాలన్నది విడిగా ఒక ఎక్సెల్ ఫైలులో ఉంచాం. ఊరి నీళ్ల సమాచారం అందరికీ అందాలి, మనుషుల వివరాలు మాత్రం ఊరు దాటకూడదు.

ఒక్క జాగ్రత్త: గూగుల్‌లో చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయకండి. తెలిస్తే తీసేస్తారు, మీ కష్టమంతా దండగ. దాని ఎడిటర్‌లోనే వచ్చే బింగ్ శాటిలైట్ ఫోటోల మీద గీయడానికి అనుమతి ఉంది. ఆ ఫోటోలో చెట్ల కింద కనపడని తూమును ఫోన్ జీపీఎస్‌తో గట్టు మీద నడిచి గుర్తించాలి.

ఇస్రో వాళ్ల మ్యాపుల సైటు భువన్ చూడటానికి బాగుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు మ్యాపు షీట్లు ఉచితంగా దొరుకుతాయి, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. పాత షీటు అయితే జిల్లా హద్దు చూసుకోండి, 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారి, ఆ తర్వాత మళ్లీ ప్రకాశంలోకే వచ్చింది. కేంద్రం 2017లో తెచ్చిన ఓపెన్ డేటా లైసెన్సు కింద వచ్చే ఫైళ్లకు పేరు చెబితే చాలు, తిరిగి పంచాలన్న షరతు లేదు. సొంత డేటాబేసును బయటపెట్టకుండా వ్యాపారం చేసుకునేవాళ్లకు అదే నయం, కాకపోతే పిల్లకాలువ దాకా వివరం అందులో దొరకడం కష్టం.