డాక్టరు చీటీలో పచ్చదనం రాస్తే: కోరింగా మేలా, కాలువ గట్టు మేలా?

బీపీ మాత్రలు రాసే చీటీలోనే “పచ్చని చోట గడపాలి” అని రాసే డాక్టర్లు కొన్ని దేశాల్లో ఉన్నారు. స్కాట్లండ్‌లోని షెట్లాండ్ దీవుల్లో 2018 నుంచి ఇలా రాస్తున్నారు. కెనడాలో 2020లో మొదలైన పథకమైతే మోతాదు కూడా చెప్పింది: వారానికి 2 గంటలు, ఒక్కో విడత 20 నిమిషాలకు తగ్గకుండా.

మన గోదావరి డెల్టాలో ఇలా రాసిస్తే ఆ 2 గంటలు ఎక్కడ గడపాలి? ఇంత పచ్చని చోట ఇదేం ప్రశ్న అనుకోకండి. అమలాపురంలో బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయికి కొబ్బరాకు కనబడేది బస్సు కిటికీలోంచే.

ముందు కోరింగా. యానాం దాటాక కాకినాడ రోడ్డులో వస్తుంది. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. చెక్క వంతెన ఎక్కి కాస్త లోపలికి నడిస్తే చాలు, ఎండ తీరే మారిపోతుంది. కిందికి వంగి చూడండి. బురదలోంచి మడచెట్లు గాలి పీల్చుకునే వేలెడేసి శ్వాసవేర్లు లెక్కలేనన్ని పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య, ఒక ముందుకాలు ఒళ్లంత పెద్దదిగా ఉన్న బుల్లి పీత బొరియ అంచుకొచ్చి ఆ కాలు ఎత్తి ఊపుతుంది. మన నీడ పడగానే లోపలికి పోతుంది. మళ్లీ వస్తుందేమోనని చూస్తూ ఉంటే ఫోను సంగతే గుర్తుకు రాదు. ఇలా ప్రయాస లేకుండా కళ్లు ఒకచోట నిలిచినప్పుడే అలసిన మనసు తేరుకుంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కాప్లాన్ దంపతులు చెప్పారు. ఈ విషయంలో కోరింగాకు సాటి వచ్చే చోటు డెల్టాలో ఇంకోటి లేదు.

కానీ వారం వారం వెళ్లేదెవరు? బస్సు ఛార్జీలు, టిక్కెట్టు, పోయే పూట పని. ఆదివారం వెళ్తే జనం, సెల్ఫీలు. ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మందిని అడిగి 2019లో వెలువరించిన పరిశోధనలో, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ సమయం ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా తేడా కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయట తిరుగుతారు కాబట్టి ఆ లెక్కను గట్టి రుజువుగా తీసుకోకూడదు. అయినా విడతలుగా సరిపోతుందంటే మనకదే పెద్ద ఊరట.

అందుకే నా ఓటు కాలువ గట్టుకు. ధవళేశ్వరం నుంచి దిగిన నీళ్లు డెల్టాలో దాదాపు ప్రతి ఊరి పక్కనుంచీ పోతాయి. ఖర్చు లేదు, ప్రయాణం లేదు. పొద్దున్న ఆరింటికి నిద్రగన్నేరు చెట్ల కింద నడిస్తే ఒక పక్క చేను, ఒక పక్క నీళ్లు. కరెంటు తీగ మీది లకుముకి పిట్ట గురి చూసుకుని నీళ్లలోకి దూకేదాకా ఆగి చూడండి, ఆ ఆగడమూ మందే. లోపాలు లేవని కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తే బురద, వాసన. కొన్ని ఊళ్లలో గట్టంతా చెత్తే. చేలో పురుగుమందు కొట్టే రోజు అటు పోవద్దు. చీకటి పడితే పాముల భయం, టార్చి లేకుండా దిగొద్దు.

ఓడలరేవు, అంతర్వేది సముద్రం దగ్గరున్నవాళ్లకు సరే, మిగతావాళ్లకు అదీ కోరింగా లాగే ఎప్పుడో ఒకసారి. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లకు మాత్రం గట్టు కూడా దూరమే. వాళ్ల మంచాన్ని పెరటి కిటికీ వైపు జరపండి. ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనబడిన రోగులు, గోడ కనబడినవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారని, నొప్పి మందులూ తక్కువ వాడారని 1984లోనే అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ చూపించాడు.

నాట్లు వేసే అక్కకు పచ్చదనం రాయడం అన్యాయం. రోజంతా నడుం వంచి చేలోనే ఉంటుంది. ఆమెకు కావలసింది చెట్టు నీడ, కూర్చునే తీరిక.

ఇంట్లో ఉండే ఆడవాళ్లకైతే ఈ చీటీ మరీ అవసరం. మగాడు గట్టు మీద కూర్చుంటే ఎవరూ అడగరు. ఆడమనిషి ఊరికే కూర్చుంటే “ఏమ్మా, ఇంట్లో పనేం లేదా?” అంటారు. “డాక్టరు గారు రాశారండి, ఆయ్” అంటే అత్తగారు కూడా కాదనలేరు. కాబట్టి డాక్టర్లు “కాస్త నడవండమ్మా” అని నోటిమాటగా వదిలేయకుండా ఏ గట్టు, ఏ వేళ, ఎంతసేపు అన్నది కాగితం మీద పెట్టాలి. మాత్రలు ఆపమని కాదని కూడా ఆ పక్కనే రాయాలి.